సేటు ఫోనులో మ్రోగిన గుండె

నా మనుమరాలు ఇందుమతి బ్రతికింది. ఆ మాట ముందే చెప్పివేస్తున్నాను. చదివేవారిని చివరి దాకా ఉత్కంఠతో వేధించాలన్న కోరిక నాకు లేదు. ఆ వేధింపు ఎట్టిదో ఆసుపత్రి వరండాలో కావలసినంత అనుభవించాను. ఇప్పుడామె బడికి పోతున్నది. మెట్లు నిదానంగా దిగుతుంది, నిదానంగా ఎక్కుతుంది, నడుమ ఒకచోట గోడకు చేయి ఆనించి నిలబడుతుంది. ఎనిమిదేండ్ల పిల్ల మెట్ల నడుమ ముసలిదానివలె నిలబడడం చూసినప్పుడెల్లా నాలో ఒక నిప్పు లేస్తుంది. ఆ నిప్పును ఆర్పుకొమ్మని హితవు చెప్పదలచిన సజ్జనులు ఈ వ్యాసాన్ని ఇక్కడే విడిచిపెట్టవచ్చు.

నా మనస్సు కుదుటపడడానికి దీనిని వ్రాస్తున్నాను. మా వంటి గల్లీలలో పిల్లలను సాకుకొనేవారు మెలకువతో ఉండడానికి వ్రాస్తున్నాను. ఒక మనిషి తాను చేసిన పనిని అచ్చులో చదువుకోవాలని కూడ వ్రాస్తున్నాను. ఈ చివరి కారణమే అన్నిటికంటె బలమైనదని దాచను. అతని పేరు వ్రాయను. గల్లీకి తెలుసు, అతనికి తెలుసు, అది చాలు. అందరివలెనే ఇక్కడ కూడ సేటు అనే అంటాను.

మేముండేది పట్నంలోని కార్వాన్‌లో, రెండు గదుల ఇంటిలో. నేను ఒక ఓరియంటల్ పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి విరమించినదానను. పింఛను లేని కొలువు. గల్లీకంతటికీ పంతులమ్మను. కుమారుడు మాధవ్ ఉస్మాన్‌గంజ్‌లో సేటు గోదాములో సరుకు దింపించే పనిలో ఉండేవాడు. కోడలు సుజాత పెండ్లిండ్లకు, పేరంటాలకు పిండివంటలు చేస్తుంది. ఇందుమతి వారి ఏకైక సంతానం.

వైశాఖంలో ఆమెకు గొంతునొప్పి వచ్చింది, జ్వరం వచ్చింది, పోయింది. ఎండకాలపు జ్వరమనుకున్నాము. జ్యేష్ఠంలో బడులు తెరిచినాక ఒక ఆసుపత్రి నుంచి కొందరు బడికి వచ్చారట. అరచేతిలో ఇమిడే యంత్రమొకటి పిల్లల రొమ్ముపై ఆనిస్తే, గుండె చప్పుడు ఫోను ద్వారా ఎక్కడో కూర్చున్న పిల్లల గుండె వైద్యునికి చేరుతుందట. వైద్యుని గుమ్మం త్రొక్కడానికే ఒకరోజు కూలి పోగొట్టుకోవలసిన మావంటి వారికి అది ఎంతటి వరమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సాయంకాలం ఇందుమతి సంచి కూడ దించకుండా నా ఒడిలో పడింది.

“బాపమ్మా! నా గుండె ఫోన్ల పోయింది!”

“ఏమని చప్పుడు చేసిందే నీ గుండె?”

“అందరిది లబ్ డబ్ అన్నది. నాది లబ్ డబ్ ష్ అన్నది. నాకు చెవుల వెట్టి వినిపిచ్చిండ్రు. నాదే మంచిగుంది!”

తల్లి నవ్వింది, తండ్రి నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ ‘ష్’ అన్నది రక్తం వెనుకకు కారే ధ్వని అని మాకేమి తెలుసు? తెలిసినవారికి తెలిసింది. యంత్రం తన పని తాను చేసింది. అక్కడ కూర్చున్న వైద్యుడు విన్నాడు, గుర్తించాడు, పిల్లను వెంటనే తీసుకురమ్మని తల్లిదండ్రులకు ఫోను చేయించాడు. ఆ ఫోను మ్రోగింది కూడ. మా ఇంటిలో కాదు.

ఇక్కడ మా గల్లీ పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు ఫోన్లు లేవని కాదు. వాటి నంబర్లు నిలువవు. ఏ కంపెనీ చవకగా ఇస్తే ఆ సిమ్ము, రీఛార్జి తీరిపోతే అది మూగ. అందువలన బడిలోనైనా, గ్యాసు బండకైనా, ఏ ఆఫీసులోనైనా నంబరు అడిగితే అందరూ గల్లీ మొగదలనున్న సేటు కిరాణా దుకాణం నంబరే చెప్పేవారు. ఏండ్లు గడచినా మారని నంబరు అదొక్కటే. అవతలివారు ఎవరి పేరు అడిగినా సేటు “ఆఁ, నేనే, చెప్పుండ్రి” అనేవాడు; లేకపోతే వారు విషయం చెప్పరు. విన్నది గల్లీలోకి గట్టిగా కేకవేసేవాడు. “యాదగిరీ, నీ బండ వస్తున్నదిరో!” అన్న కేకతో మా ప్రొద్దు మొదలయ్యేది.

కూరగాయల పోశమ్మ ఒకనాడు దుకాణం ముందే అడిగింది. “ఏం సేటూ, దినాం ఇంతమందికి పెనిమిటివి అయితున్నవు, మీ ఆడామెకు ఎరుకేనా?”

“ఆమెకు ఎరుక లేకనే గదనే మస్తు నడుస్తున్నది!” అన్నాడు సేటు. అందరమూ పగలబడి నవ్వాము. గల్లీలోని పిల్లలందరికీ తండ్రి, ముసలివారందరికీ కొడుకు, అన్నీ ఆయనే. ఆ పెద్దరికానికి మేము మురిసిపోయేవారము కూడ.

ఆషాఢంలో ఇందుమతికి మళ్లీ గొంతునొప్పి వచ్చింది. ఈసారి అది పోతూ పోతూ కీళ్లలోకి దిగింది. ఒకనాడు మోకాలు వాచేది. అది తగ్గి మడమ పట్టేది. అది వదలి మోచేతికి పాకేది. నొప్పి చుట్టం వలె ఇల్లిల్లూ తిరిగింది. సందు చివరి క్లినిక్ డాక్టరు “ఎదిగే పిల్లలకు ఇట్లనే ఉంటది” అని ఒక తియ్యని మందు సీసా ఇచ్చాడు. బోనాలనాడు గల్లీ పిల్లలందరూ పోతురాజు వెంట గంతులు వేస్తుంటే మా పిల్ల గడప మీద కూర్చుని కాళ్లు ఒత్తుకొంటున్నది.

సేటు బిడ్డ పెండ్లి శ్రావణానికి నిశ్చయమైంది. ఆషాఢమంతా సుజాత ఆ ఇంటిలోనే. సకినాలు, అరిసెలు, లడ్డూలు, పొద్దున పోతే దీపాలు పెట్టినాక రావడం. సేటు పెండ్లి పనులలో ఉన్నందున గోదాము భారమంతా మాధవ్‌దే. నాకు కూడ ఒక పని వచ్చింది. సేటు స్వయంగా మా ఇంటికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

“పంతులమ్మా, బిడ్డ పెండ్లికి పద్యాలు మీరే రాయాలె. మైకుల మీరే సదవాలె. వియ్యాలవారు మనది ఉత్త ఉప్పు పప్పు దుకాణమనుకుంటున్నరు. మా గల్లీల సదువున్నదని వాళ్లకు ఎరుక కావాలె.”

“తప్పక వ్రాస్తాను సేటూ.”

ఆయన చూపు గోడవారగా పండుకొన్న ఇందుమతి మీదికి పోయింది. “పాపకు ఎట్లున్నది?”

“కీళ్లనొప్పులు. ఎదిగే వయస్సు గదా అన్నాడు డాక్టరు.”

“గంతే, గంతే. ఫికర్ చెయ్యకుండ్రి. పెండ్లి కానీ, పెద్ద దవాఖానల సూపిద్దాం,” అని జేబులోనుంచి బాదంపలుకులు తీసి పిల్ల చేతిలో పోశాడు.

ఎంత దయగలవాడనుకున్నాను. ఆసుపత్రి నుంచి మొదటి పిలుపు ఆయనకు అప్పటికే వచ్చి ఉన్నది. ఆ బాదంపలుకులు తలపునకు వస్తే ఈనాటికీ నా నాలుక చేదెక్కుతుంది.

పద్యాలు వ్రాశాను. చేతనైనంత శోభగా వ్రాశాను. పార్వతీపరమేశ్వరులను, సీతారాములను పిలిచి ఆ వధూవరుల శిరస్సులపై అక్షతలు చల్లించాను. పెండ్లినాడు ఫంక్షన్ హాలులో మైకు ముందు నిలబడి చదువుతుంటే, ఇందుమతి కొత్త లంగా కట్టుకొని వేదిక మెట్ల దగ్గరకు వచ్చింది. నా దగ్గరకు ఎక్కబోయి, రెండవ మెట్టు మీదనే కూలబడి, అక్కడినుంచే చప్పట్లు కొట్టింది. ఆమె రొమ్ము ఎగసిపడడం నాకు మైకు దగ్గరి నుంచి కనబడింది. పద్యం నడుమ ఆపడం అమంగళమని ఆపలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పిల్ల పండుకోలేకపోయింది. వెల్లకిల పరుండబెడితే లేచి కూర్చుంటుంది, కూర్చుంటే నాకు ఒరుగుతుంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

“బాపమ్మా, పండుకుంటే నీళ్లల మునిగినట్టు అయితున్నది,” అన్నది.

ఆటోలో ఆమెను నా రొమ్ముకు ఆనించుకొని కూర్చోబెట్టుకొన్నాను. పురానాపూల్ దగ్గర బండ్లు కదలక నిలిచిపోతే సుజాత ఆటోలోనుంచి తల బయటకు పెట్టి, దారి ఇవ్వమని అరిచిన అరుపు ఇంకా నా చెవులలోనే ఉన్నది. అంతకుముందు నా కోడలి గొంతు పైకి లేవడం నేనెరుగను.

పెద్ద దవాఖానలో పిల్లను లోపలికి తీసుకొనిపోయి ముఖానికి గాలి గొట్టం పెట్టారు. కొంతసేపటికి వైద్యురాలు బయటకు వచ్చింది. వయస్సులో చిన్నది, కాని కోపంలో నాకంటె పెద్దది. ముందున్న కంప్యూటరులో పిల్ల పేరు చూసి ఒక్కసారిగా మా మీద విరుచుకుపడింది.

“మీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినం? ప్రతిసారీ తీసుకొస్తమన్నరు. ఇప్పుడా తెచ్చేది? గుండె కవాటం పాడయ్యి ఊపిరితిత్తుల్ల నీరు చేరినంక?”

“మాకెవ్వలు చెయ్యలె మేడం. అమ్మతోడు,” అన్నది సుజాత.

ప్రక్కనున్న నర్సు, పేరు స్టెల్లా అని తరువాత తెలిసింది, ముందుకు వచ్చింది. “నేనే చేసిన అమ్మా. పాప తండ్రితోనే మాట్లాడిన. మా దవాఖానోళ్లు బడిల మిషన్ పెట్టినప్పుడే దోషం దొరికింది. అప్పుడే ఇంజెక్షన్లు మొదలుపెడితే రెండోసారి కీళ్లజ్వరం రాకపోతుండె.”

సుజాత మెల్లగా భర్త వైపు తిరిగింది. ఆ చూపును నేను వర్ణించలేను. నలభై ఏండ్లు వర్ణనలు బోధించినదానను, చేతకాదని ఒప్పుకొంటున్నాను. ఒక భార్య తన భర్తను శాశ్వతంగా పోగొట్టుకొంటున్నప్పుడు అట్లా చూస్తుంది. మాధవ్ రెండు చేతులూ ఎత్తి, “నాకేం ఎరుక లేదు, నాకేం ఎరుక లేదు,” అని అదే మాట అంటున్నాడు. నేను కూడ, అతనిని కన్నదానను, ఒక్క క్షణం అతని మాట నమ్మలేదు. ఆ క్షణాన్ని మా ఇంటిలోనికి తెచ్చినవానిని నేనెట్లు క్షమించేది?

స్టెల్లా సిస్టర్‌కు కూడ రోషం వచ్చింది. “అబద్ధమా నాది? మీ ముంగటనే చేస్త చూడుండ్రి,” అని ఫోను తీసి స్పీకరులో పెట్టింది. రెండు మ్రోతలకే అవతల ఎత్తారు.

“హలో, ఇందుమతి వాళ్ల నాన్నగారేనా?”

“ఆఁ, నేనే, చెప్పుండ్రి,” అన్నది ఆ గొంతు.

వరండాలో ఉన్నవారికి అది ఎవరో ఒక తండ్రి గొంతు. మాకు అది ప్రతి ఉదయమూ వినే గొంతు.

“పాపను ఎందుకు తీసుకరాలేదు సార్?”

“అరే మేడం, మొన్ననే చెప్పిన గద, ఇంట్ల పెండ్లి ఉన్నదని. పెండ్లి అయిపోయింది. ఈ నాలుగు దినాలు చుట్టాలు పోనియ్యిండ్రి, పాప వాళ్ల అమ్మకు చెప్పి తోలిస్త. పిల్ల మంచిగనే ఆడుకుంటున్నది.”

లోపల పిల్ల ఊపిరి కోసం పోరాడుతున్న చప్పుడు తలుపు సందులోనుంచి వస్తున్నది. మాధవ్ ముందుకు వంగి ఫోనుకు నోరు దగ్గరగా పెట్టాడు.

“సేటూ, నేను మాధవ్‌ని. పాప తండ్రిని.”

అవతల ఫోను కట్ అయింది. స్టెల్లా సిస్టర్ రెండు చేతులతో నోరు మూసుకొన్నది. వైద్యురాలు మమ్మల్ని చూసి, తాను కూర్చునే కుర్చీని లాగి నా వెనుక వేసింది. “కూర్చోండి అమ్మా,” అన్నది. ఆ కుర్చీలో క్షమాపణ ఉన్నది.

ఆ పిమ్మట గడచిన కాలాన్ని నేను దినాలుగా లెక్కించలేదు. లోపలికి ఒక్కరినే పోనిస్తారు, సుజాత పోయేది. మాధవ్, నేను వరండాలో. ఎదురుగా తన కొడుకు కోసం వచ్చిన ఒక ముస్లిం తల్లి ఉండేది, సైదాబాద్ వైపు నుంచి. ఫ్లాస్కులో తెచ్చుకొన్న చాయలో సగం నాకు మూతలో పోసి ఇచ్చేది. నా కండ్లు తడి అయితే, “రోవ్ నక్కో అమ్మా, బచ్చీ అచ్ఛీ హో జాతీ,” అనేది. ఏడవద్దు, పిల్ల బాగవుతుందని. కాని నేను ఏడుస్తున్నది దుఃఖంతో కాదని ఆమెకు తెలియదు.

నిజం చెప్పాలంటే, ఆ వరండాలో నన్ను నిలబెట్టింది దైవభక్తి కాదు, ధైర్యమూ కాదు, పగ. మా భాషలో తిట్టుకవిత్వానికి గొప్ప పరంపర ఉన్నది. కోపించిన కవి నోట వెడలిన పద్యం కోటలను కూల్చిందనీ, వంశాలను ఎండబెట్టిందనీ పెద్దలు చెప్పేవారు. ఏ గణం ఎక్కడ పడితే ప్రాణం తీసే మారకమవుతుందో నేను చదువుకొన్నదానను. పిల్ల ఊపిరి సన్నగిల్లిన ప్రతిసారీ ఒక పద్యపాదం కట్టుకొన్నాను. పిల్ల తేరుకొన్నప్పుడు దానిని చెరిపివేశాను. ఆమెకు నయం కావడం మొదలైనప్పటికి నా వద్ద ఒక్క పద్యమూ మిగలలేదు. కోపం మాత్రం అంతే మిగిలింది.

నేను ఆ ఇంటిపై శాపం పెట్టలేదు. పెండ్లికూతురికి చదివిన ఆశీస్సులను వెనుకకు తీసుకోలేదు. ఆ పిల్ల ఏ పాపమూ ఎరుగదు; ఆమె పసుపుకుంకుమలు చల్లగా ఉండాలి. నాకు కావలసింది ఆమె తండ్రి.

భాద్రపదంలో ఇంటికి వచ్చాము. కవాటం కొంత చెడింది, ఇక మునుపటివలె కాదు. పెద్దదయ్యేదాకా మూడు వారాలకొకసారి ఇంజెక్షను తప్పదు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి రావచ్చునని వైద్యురాలు చెప్పింది. ఇది చదివే తల్లులకు నేను చెప్పగలిగింది ఇంతే: పిల్లకు గొంతునొప్పి పోయినాక కీళ్లు ఒకటొకటిగా నొస్తే, ఎదిగే నొప్పులన్న మాట నమ్మవద్దు. గుండె చూపించండి. ఎక్కడ నంబరు అడిగినా మీ చేతిలో మ్రోగే నంబరే ఇవ్వండి. అది చెడిపోతే పోయి మరొకటి వ్రాయించండి. ఎంత పెద్దమనిషినైనా మీకు, మీ బిడ్డ వైద్యునికి నడుమ కూర్చోనివ్వవద్దు.

సేటు మా ఇంటికి రాలేదు. దానిమ్మపండ్ల సంచి ఒకటి మాధవ్ చేతనే పంపాడు. అవును, మాధవ్ మళ్లీ ఆ గోదాముకే పోతున్నాడు.

“ఇంజెక్షన్లకు, మందులకు ఏడికెల్లి తేవాలె అమ్మా? గిప్పుడు లొల్లి పెట్టుకుంటే ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?” అన్నాడు.

అతడు చెప్పింది సబబే. అందుకే అతనితో మాటలాడడం మానివేశాను. సుజాత ఆ పండ్లను సంచితో సహా తీసుకొనిపోయి సేటు దుకాణం మెట్టు మీద పెట్టి వచ్చింది. ఆమె కూడ భర్తతో అవసరమైనంతే మాట్లాడేది. ఒకసారి బియ్యం ఏరుతూ, నావైపు చూడకుండానే అన్నది: “అత్తమ్మా, వాళ్ల ఇంట్ల లడ్డూలు చుట్టుకుంట ఉన్న నేను. ఆ ఫోను నా పక్కనే మోగింది కావచ్చు.” ఆనాడు నిర్ణయించుకొన్నాను.

ఆశ్వయుజం వచ్చింది. మా గల్లీలో బతుకమ్మ ఆడేది సేటు దుకాణం ముందరి ఖాళీజాగాలో. ప్రతి యేడూ పాట ఎత్తుకొనేది నేనే. నేను ఒక పాదం అంటే తక్కినవారు అందుకొంటారు. ఆ సాయంకాలం పూలు పేర్చిన పళ్లేలు నడుమ పెట్టి అందరూ చుట్టూ చేరారు. సేటు భార్య సావిత్రమ్మ కూడ తన బతుకమ్మ తెచ్చి వలయంలో నిలబడింది. సేటు గల్లాపెట్టె వెనుక కూర్చుని చూస్తున్నాడు. ఇందుమతిని కుర్చీలో కూర్చోబెట్టాము. నేను కొత్తపాట ఎత్తుకొన్నాను.

బడిలోన మా పాప గుండె చప్పుడు ఉయ్యాలో
పట్నాన దవఖాన దాక వినబడె ఉయ్యాలో
పాపకు తండ్రెవరని ఫోను మోగితే ఉయ్యాలో
పలికినాదొక గొంతు నేనె నేనని ఉయ్యాలో

మొదట ఆడవారు అలవాటుగా చప్పట్లు కొడుతూ అందుకొన్నారు. తరువాత కొందరికి అర్థమై చప్పట్లు గట్టిపడ్డాయి.

పెండ్లి లడ్డూలు చుట్టె కన్నతల్లి ఉయ్యాలో
పెదవి నల్లగ మారె ఇంట పిల్లకు ఉయ్యాలో

సావిత్రమ్మ చప్పట్లు ఆపింది. “ఎవల ముచ్చట పంతులమ్మా ఇది?”

పోశమ్మ చీరకొంగు నడుముకు దోపుకొంటూ అన్నది: “గల్ల మీద కూసున్నాయన్నే అడుగు వదినా. గల్లీ పిల్లలకందరికి తండ్రాయె, ఆయనకే ఎరుక.”

సావిత్రమ్మ దుకాణంలోకి పోయింది. లోపల ఏమి జరిగిందో మేము వినలేదు. పాట ఆపలేదు గదా. కొంతసేపటికి దుకాణం షట్టరు క్రిందికి దిగింది. పండుగపూట, గిరాకీ మంచి జోరు మీద ఉండగా. ఆ షట్టరు చప్పుడు నాకు ఎంత కమ్మగా వినిపించిందో చెప్పడానికి సిగ్గుపడను.

తక్కినది గల్లీయే చేసింది. స్టెల్లా సిస్టర్‌కు నేను కబురుపెట్టాను. ఆమె ఒక ఆదివారం తన టాబ్లెట్ పట్టుకొని వచ్చి మా గడప మీద కూర్చుంటే, తల్లులు వరుసగా వచ్చి తమ తమ నంబర్లు వ్రాయించారు. సేటు నంబరు ఒక్కొక్క పిల్ల పేరు ప్రక్కనుంచీ రాలిపోయింది. పోశమ్మ మనుమని చెవి పరీక్షకు కూడ అదే నంబరుకు పిలుపు పోయి ఉన్నదని ఆనాడే తెలిసింది.

“నేను కూడ ఇగ నుంచి ఊకె తండ్రేనా అని అడుగ పంతులమ్మా,” అన్నది స్టెల్లా సిస్టర్. “పిల్లను ఇంట్ల ఏమని ముద్దుగ పిలుస్తరో అడుగుత. అది చెప్తేనే ముచ్చట.” ప్రతి తల్లినీ ఆ ముద్దుపేరు అడిగి ఎక్కించుకొన్నది. యంత్రాలు ఎంత దూరమైనా వినగలవు. అవతల పలికేది ఎవరో కనుక్కోవడం మనుష్యుల పని.

ఇప్పుడు పొద్దున లేస్తే దుకాణం నుంచి కేకలు లేవు. ఫోను మ్రోగితే అది సేటు కోసమే మ్రోగుతుంది. అతడు మాధవ్‌ను పనిలోనుంచి తీసివేశాడు. ఉస్మాన్‌గంజ్‌లోనే మరొక దుకాణంలో మాధవ్‌కు పని దొరికింది. ఆ కొత్త యజమాని పాట సంగతి విన్నవాడే. ఆ పని దొరికిన రాత్రి అన్నం పెట్టేటప్పుడు నా కొడుకుతో నేను మళ్లీ మాటలాడాను.

కార్తీకం మొదట్లో సేటు మా గడపకు వచ్చాడు. పిల్ల చావుబ్రతుకులలో ఉన్నప్పుడు రానివాడు.

“పంతులమ్మా, నా ఇజ్జత్ తీసినవు.”

“నీ ఇజ్జత్ మళ్లీ వస్తది సేటూ. పాప గుండె రాదు.” ఆయనను ‘నువ్వు’ అనడం నాకు అదే మొదలు.

“గా పాట ఆపియ్యి. పోరగాండ్లు దుకాణం ముంగటికొచ్చి పాడుతున్నరు. గిరాకీ అంత నవ్వుతున్నది. నా బిడ్డ అత్తగారింట్ల కూడ తెలిసిందట.”

“నేను ఆపను.”

“పెండ్లి అయ్యేదాక ఏమైతదనుకున్న. నీ కొడుకు, కోడలు దవాఖానకు పోతే పెండ్లి పనులు ఆగుతయని... నేనేమన్న పిల్లను చంపాలనుకున్ననా పంతులమ్మా?”

“చంపాలనుకొని ఉంటే, ఆ పిల్లను గురించి ఒక్క నిమిషమన్నా ఆలోచించినవని అనుకొనేదాన్ని. నువ్వు అసలు అనుకోనే లేదు.”

అతడు తల వంచుకొన్నాడు. ఆ తలను చూస్తే జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వేయలేదు.

లోపలి నుంచి ఇందుమతి వచ్చి నా కొంగు పట్టుకొన్నది. ఎవరు వచ్చారో చూసింది. “బాపమ్మా, గా పాట అందరికి వచ్చు. నాకే రాదు. నాకు నేర్పు,” అన్నది.

సుజాత వంటింటి తలుపులోనుంచి నావైపు చూసింది. వద్దంటుందేమోనని ఆగాను. ఆమె వద్దనలేదు. అప్పుడు నేను సేటు ఎదుటనే మొదటి పాదం అన్నాను. పిల్ల అందుకొన్నది.

“బడిలోన మా పాప గుండె...” అన్నది. అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచే ఉన్నది, మాట రాలేదు. ఊపిరి పీల్చుకొని, “చప్పుడు...” అన్నది. మళ్లీ ఆగింది. “లైను మస్తు పెద్దగుంది బాపమ్మా,” అని నా నడుముకు ఒరిగింది.

సేటు అది విన్నాడు. అతడు చెప్పులు తొడుగుకొన్నాడో, చేత పట్టుకొనే పోయాడో నేను చూడలేదు. నేను పిల్ల వీపు నిమురుతున్నాను.

ఆ మధ్యాహ్నం పాటను మళ్లీ కట్టడానికి కూర్చున్నాను. తెలుగు పద్యంలో యతి దగ్గర ఊపిరి ఆపనక్కరలేదు, అక్షరాలు కలిస్తే చాలునని జీవితమంతా పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఇందుమతిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఆమె ఊపిరి ఎక్కడ తెగుతున్నదో విని, సరిగా అక్కడ విరామం పెట్టాను. పొడుగు పాదాలను విరిచాను. అలంకారాలు తీసివేశాను. గురువులు లఘువులు అనే నియమాన్ని ప్రక్కన పెట్టి, ఆ పిల్లకు ఎంత గాలి అందుతుందో అంతే కొలతగా కట్టాను.

పాప గుండె ఉయ్యాలో
పలికింది ఉయ్యాలో
సేటు ఫోన్ల ఉయ్యాలో
ఆగింది ఉయ్యాలో

ఇంత చిన్న పాదాలతో నేనెన్నడూ వ్రాయలేదు. ఇంత పదునైనవీ వ్రాయలేదు. ఇందుమతి దానిని మొదటి నుంచి చివరి దాకా, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కతే పాడగలదు. బడినుంచి వచ్చేటప్పుడు దుకాణం ముందు తానుగా ఆగి పాడుతుంది. పాడమని నేను చెప్పను. ఆపమనీ చెప్పను. ఆమె పాట పూర్తి అయ్యేదాకా సంచి పట్టుకొని ప్రక్కన నిలబడతాను.